బస్తాలు మోసే లింగయ్య బుస కొట్టడం నేర్చిన సంగతి

అది 1949. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన మరుసటి సంవత్సరం. సూర్యాపేట తాలీంలో కసరత్తు నేర్పే పని నాది. తాలీం అంటే మట్టి పరచిన కుస్తీ బరి, గోడవార రాతి గుండ్లు, గదలు ఉండే వ్యాయామశాల. బరువులెత్తేవాడికి బాక్సింగ్ పనికిరాదని ఈనాటికీ చాలామంది పెద్దలు కుర్రవాళ్లకు చెబుతూనే ఉన్నారు. అది తప్పని నేను కళ్లారా చూశాను. చూసినవాడు రాయకపోతే తప్పు మాటే నిలిచిపోతుందని ఇది రాస్తున్నాను.

నేను బడిలో చదివింది తక్కువ. నాకొచ్చిన నాలుగు ముక్కలూ మా ఊరి గ్రంథాలయం పెట్టిన భిక్ష. అక్కడ బాక్సింగ్ మీద అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకొని కూడబలుక్కుంటూ చదివాను. ‘గార్డ్’ అంటే చేతులతో ముఖాన్ని కాచుకోవడం, ‘జాబ్’ అంటే ముందు చేత్తో సూటిగా, చురుగ్గా వేసే దెబ్బ. అది తెలిసిన క్షణాన ఉండబట్టలేక అక్కడే లేచి గాలిలో గుద్ది చూశాను. గ్రంథపాలకులు వెంకటనర్సయ్య గారు కళ్లజోడు సవరించుకొని, “జర బీరువాలు పైలం నాయనా” అన్నారు.

ఆ రోజుల్లోనే లింగయ్య మా తాలీంకు వచ్చాడు. మిర్యాలగూడ బియ్యం మిల్లులో హమాలీ. అతని అన్న మల్లయ్య అదే మిల్లులో బస్తా కింద పడి, నడుము పోయి మంచాన ఉన్నాడు. కోదాడలో కొత్తగా వేసిన పోలీసు క్యాంపు అధికారి, తమ బాక్సర్ ముందు మూడు రౌండ్లు నిలిచినవాణ్ని కొలువులోకి తీసుకుంటానని చాటించాడట.

“నడుము మంచిగున్నప్పుడే ఆ మిల్లుల నుంచి బయటపడాలె సారూ. గుద్దుడు నేర్పుతరా?” అన్నాడు లింగయ్య.

తాలీం పెద్ద ఖాసిం ఉస్తాద్ అతని భుజాలు తడిమి చూసి పెదవి విరిచాడు. “బస్తాలు మోసిన చెయ్యి ఇది. ఇగ గుండ్లు గూడ ఎత్తిస్తవా? ఈగను గూడ కొట్టలేడు.”

“రెండూ చెయ్యొచ్చని పుస్తకంల ఉన్నది ఉస్తాద్. వరుస మార్చాలె, గంతే.”

“రేపు కోదాడల పుస్తకం దిగి గుద్దుతదా పంతులూ?”

వానాకాలం కావడంతో మిల్లులో పని తగ్గింది. కబురొచ్చినప్పుడు పోయి మోసి రావడం, మిగతా రోజుల్లో మా తాలీంలో ఉండడం లింగయ్య పద్ధతి. పొద్దున్నే, ఒంట్లో అలసట లేనప్పుడు బాక్సింగ్. ఊక, ఇసుక కలిపి కుట్టిన గోనెసంచిని దూలానికి వేలాడదీసి గుద్దించేవాణ్ని. గుండ్లు ఆ తర్వాతే. అవీ చిన్నవి, చకచకా ఎత్తి దించేవి. కొద్ది వారాల్లో లింగయ్య గుద్దితే దూలం నుంచి మట్టి రాలడం మొదలైంది! నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

కాని ఎవరినైనా ఎదురు నిలబెడితే రెండో రౌండు సగంలోనే లింగయ్య పెదవులు నల్లబడేవి, చేతులు వాలిపోయేవి.

“సూసినవా? గుండ్లు బంద్ చెయ్యి” అన్నాడు ఉస్తాద్.

పోటీ దాకా లింగయ్యను పనికి పిలవొద్దని మిల్లు సేటును అడుగుదామని అతనితోపాటు మిర్యాలగూడ వెళ్లాను. అక్కడ అతను బస్తా ఎత్తడం మొదటిసారి చూశాను. వీపు మీద బస్తా పడగానే పళ్లు బిగించాడు. బస్తాలు పేర్చిన లాటు దగ్గర దించేదాకా ఊపిరి తీయలేదు.

“ఊపిరెందుకు బిగబట్టినవ్?”

“ఇడిస్తే నడుం జారుతది సారూ. మా అన్న గట్లనే పడ్డడు. హమాలీ పనిల మొదలు నేర్పేది గిదే.”

నాకు అప్పుడు వెలిగింది. గుండు ఎత్తినా, గుద్దు వేసినా అతను బస్తా మోసినట్టే ఊపిరి బంధిస్తున్నాడు! చెయ్యి మొద్దుబారలేదు, గాలి అందడం లేదు. సేటు ఒప్పుకోవడమే ఆలస్యం, లింగయ్యను బస్సెక్కించాను.

గుండ్లు ఆపలేదు. వాటి మీదే కొత్త ఊపిరి నేర్పాను. ఎత్తేటప్పుడు ‘స్స్’ అని వదలాలి, గుద్దేటప్పుడూ అంతే.

“నలుగురి ముంగట పామోలె బుస కొట్టాల్నా సారూ? నవ్వుతరు.”

“నవ్వనీ.”

బుస వినపడకపోతే ఉస్తాద్ పిక్క మీద బెత్తంతో తట్టేవాడు. “పుస్తకం సంగతేమో గాని, గీ బుస మంచిగున్నది” అన్నాడొకనాడు.

పోటీ నాడు కోదాడలో మైదానం జనంతో నిండిపోయింది. క్యాంపు బాక్సర్ హవల్దార్ భీంరావు, పొడగరి. మొదటి రౌండులో లింగయ్య బుస విని జనం పగలబడి నవ్వారు. “ఏందయ్యా, గుద్దటానికొచ్చాడా, బుస కొట్టటానికొచ్చాడా?” అని ఒకాయన అరిచాడు.

రెండో రౌండులో డొక్కలో గట్టి దెబ్బ తగిలింది. లింగయ్య దవడ బిగుసుకుంది, బస్తా కింద బిగిసినట్టే. నేను ఎంత అరిచినా ఆ గోలలో వినపడలేదు. అప్పుడు ఖాసిం ఉస్తాద్ బరి చుట్టూ కట్టిన తాడు పట్టుకొని, తన గడ్డం ఊగేలా, “స్స్! స్స్!” అని తనే బుస కొట్టాడు. వెక్కిరించిన జనమే దాన్ని అందుకున్నారు. మైదానమంతా ఒకటే బుస! లింగయ్య నోరు తెరుచుకుంది. జాబ్ కదిలింది. మూడో రౌండు గంట మోగేసరికి ఇద్దరూ కాళ్ల మీదే ఉన్నారు. అధికారి వచ్చి లింగయ్యను ఎగాదిగా చూసి, “పొద్దున్నే క్యాంపుకు రా” అన్నాడు.

బరువుకూ బాక్సింగుకూ వైరం లేదని ఆ రోజు రుజువైంది. రెంటికీ ఒకే ఊపిరి నేర్పడం శిక్షకుడి పని. అది తెలియాలంటే పుస్తకం చదవాలి, శిష్యుడు పొట్ట కోసం చేసే పనినీ వెళ్లి చూడాలి.

ఆ పుస్తకాన్ని గడువు దాటినా నా దగ్గరే ఉంచనిచ్చిన వెంకటనర్సయ్య గారికి, నమ్మకం కుదరకపోయినా తాలీం తలుపు మూయని ఖాసిం ఉస్తాద్‌కు, మంచంలో ఉండి తమ్ముణ్ని పంపిన మల్లయ్యకు నా కృతజ్ఞతలు. హవల్దార్ భీంరావుకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. చివరి గంట మోగగానే ఆయన లింగయ్యను కౌగిలించుకున్నాడు, అధికారి దగ్గరికి వచ్చేదాకా వదల్లేదు. జనం చప్పట్లు కొట్టారు. తాడు పక్కనే ఉన్న నాకు లింగయ్య మోకాళ్లు మడతపడడం కనిపించింది. భీంరావు రెండు చేతులూ అతని చంకల కింద ఉన్నాయి.