రాజమల్లు ఎడమ చేయి

పొద్దున్నే బోధన్ బస్టాండు పక్కన బాపురావు హోటల్లో కూర్చుని, కాన్‌స్టేబుల్ రాజమల్లు చాయ్ కప్పును ఎడమ చేత్తో ఎత్తి, చేయి బారుగా చాచి పట్టుకునేవాడు. కప్పులో చాయ్ కదలడం ఆగేదాకా అలాగే ఉంచి, అప్పుడు తాగేవాడు. అప్పటికది సగం చల్లారేది.

"అన్నా, చాయ్ నాకిస్తున్నవా, నువ్వే తాగుతవా?" అని బాపురావు రోజూ అడిగేవాడు. "ఇచ్చేటిదుంటె కుడిచేత్తోని ఇయ్యి. ఎడమచేత్తోని ఇస్తె గిరాకులు బేజారైతరు."

కుడిచేయి మాట వింటే ఇంత తిప్పలెందుకు? 1991 చెరుకు సీజన్లో, ఫ్యాక్టరీ దారిలో ఎడ్లబండిని దాటబోయి రాజమల్లు సైకిల్ మీద నుంచి పడ్డాడు. మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ బొటనవేలు మళ్లీ మడతపడలేదు. ఆ చేత్తో తిప్పలుపడి అన్నం కలుపుకుంటాడు, సెల్యూట్ కొడతాడు, రివాల్వర్ మాత్రం బిగించి పట్టలేడు.

అతనిది ఒక ఆఫీసరుకు గన్‌మన్ డ్యూటీ. ఏడాదికోసారి జరిగే ఫైరింగ్ పరీక్ష దగ్గరపడింది. ఎడమచేత్తో పేల్చడానికి పైవాళ్లు ఒప్పుకున్నారు. తప్పితే మాత్రం నిజామాబాద్ స్టోర్‌లో దుప్పట్లు మడతబెట్టే పనికి పోవాలి. ఏళ్ల తరబడి నడుముకు రివాల్వర్‌తో తిరిగిన మనిషికి ఆ దుప్పట్లు కల్లోకొచ్చేవి.

రివాల్వర్ ఇంటికి తెచ్చుకోనివ్వరు. అందుకని దీపావళికి కొన్న రీళ్ల పిస్తోలును బిడ్డను బతిమాలి తీసుకున్నాడు. రోజూ కిటికీలో పెట్టిన దాన్ని అందుకుని, గొట్టం మీద చింతగింజ పెట్టి, క్యాలెండర్‌లో ఆదివారానికి గురిచూసి నొక్కేవాడు. గింజ పడేది. చూపుడువేలు మడిస్తే మిగతా వేళ్లు కూడా దానితోపాటే బిగుసుకునేవి. గొట్టం పక్కకు ఒరిగేది. రాజమల్లు మంచం కింద దూరి గింజను వెతుక్కునేవాడు.

గడపలో బీడీలు చేసుకుంటున్న భార్య గంగమణి కొన్నాళ్లు ఓపిక పట్టింది.

"ఏమయ్యా, దాన్ని కాలుస్తున్నవా, పిసుకుతున్నవా?"

"వేళ్లన్ని ఒక్కపారె ముడుసుకుంటున్నయే."

"గిట్ల రా, కూసో." బీడీల చాట అతని ఒళ్లోకి జరిపింది. "నేను సుట్టిస్త, నువ్వు ఎడమచేత్తోని మూతి ముడువు. సూపుడువేలు ఒక్కటే పనిజెయ్యాలె. మిగతయి పట్టుకొని ఊకె కూసోవాలె. గట్టిగ వత్తితివా, ఆకు పలుగుతది."

ఆకు పలిగింది. మరొకటీ పలిగింది. "గివి కంపెనీల ఇస్తె నన్ను ఎల్లగొడతరు," అని గంగమణి వాటిని పక్కకు తోసింది. అప్పుడే వచ్చిన పక్కింటి కాన్‌స్టేబుల్ లింబయ్య వాటిని ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

"అన్నకు రోజు గిదే పని జెప్పు వదినె," అన్నాడు సంబరంగా.

లింబయ్య సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక సాయంత్రం వచ్చి చాటలోకి తొంగిచూశాడు.

"ఏందన్నా, ఒక్కటి గూడ పలగలేదా?"

"లేదు."

"గట్లయితె నేను దుకాన్ల కొనుక్కోవాలె," అని మొహం వేలాడేసుకుని పోయాడు. ఆ రోజు పిస్తోలు మీది చింతగింజ కూడా కదల్లేదు.

పరీక్ష రోజు రాజమల్లు ధీమాగా వెళ్లి వరుసలో నిలబడ్డాడు. ఆరు గుండ్లలో నాలుగు అట్టకు తగలాలి. సీటీ మోగింది. అందరి చేతులూ రివాల్వర్ మీద పడ్డాయి. రాజమల్లు ఎడమచేయి ఎడమ నడుం మీద పడింది. అక్కడ ఏమీ లేదు. రివాల్వర్ ఒర ఎప్పటిలాగే కుడివైపు వేలాడుతోంది. ఇంట్లో పిస్తోలు రోజూ కిటికీలోంచి వచ్చేది. ఒరలోంచి తీయడమనే పని ఒకటుందని అతనికి తట్టనే లేదు.

"ఏందయ్యా, తడుముకుంటున్నవ్? రుమాలు గావాల్నా?" అన్నాడు పరీక్ష పెట్టే సారు.

పక్కన లింబయ్య రెండు గుండ్లు పేల్చేశాడు. రాజమల్లుకు దుప్పట్లు కనిపించాయి, వాటి వెనకే బాపురావు కనిపించాడు. ఇచ్చేటిదుంటె కుడిచేత్తోని ఇయ్యి. ఎడమచేయిని పొట్ట మీదుగా చాపి, ఒర గుండీని రెండు వేళ్లతో విప్పాడు. కుడిచేతి నాలుగు వేళ్లను పిడికి కొక్కెంలా తగిలించి, గొట్టం నేలవైపే ఉండేలా రివాల్వర్‌ను మెల్లగా పైకి లాగాడు. తన కుడిచేయి ఇస్తే తన ఎడమచేయి మర్యాదగా తీసుకుంది.

ఆ తర్వాత చూపుడువేలు ఒక్కటే పని చేసింది. మిగతావి పట్టుకుని ఊరికే కూర్చున్నాయి.

మళ్లీ సీటీ మోగేసరికి అతని గుండ్లు నాలుగే పేలాయి. సారు అట్ట దగ్గరికి నడిచివెళ్లి, చిల్లుల్లో వేలు పెట్టి చూసి వచ్చాడు.

"నాలుగు తగిలినయ్. పాసైనవ్ పో. వచ్చే ఏడు తీసుడు గూడ నేర్సుకొని రా."

రిటైరయ్యేదాకా రాజమల్లు గన్‌మన్ డ్యూటీలోనే ఉన్నాడు. ఇప్పుడు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటూ, మధ్యాహ్నాలు గంగమణి చుట్టిచ్చిన బీడీలకు ఎడమచేత్తో మూతి ముడుస్తున్నాడు.