అన్నింటికీ ఆముదపు చిల్లులే

మా షెడ్డులో కంప్యూటర్ దిగిన నాటి నుంచి మనుషుల కన్నా దానికే మర్యాద ఎక్కువైంది. దానికొక గది, దానికొక ఫ్యాను, మీద కప్పడానికి నా నారాయణపేట చీర. గుడి అరుగు మీద చెప్పులతో కూర్చునే నా కొడుకు ఆ గది ముందు మాత్రం చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయేవాడు.

కోస్గిలో వాడిది ఎడ్ల వెనక కట్టే విత్తనాల మిషన్లు చేసే పని. మిషను లోపల చిల్లుల బిళ్ళ ఒకటి తిరుగుతుంది. చిల్లుకొక గింజ చొప్పున సాలులో రాలుతుంది. జొన్నకు చిన్న చిల్లు, కందికి కొంచెం పెద్దది, ఆముదానికి ఇంకా పెద్దది. పాలిటెక్నిక్ చదివొచ్చిన నా మనవరాలు ఆ బిళ్ళను కంప్యూటర్లో ఒక్కసారే గీసింది. చిల్లు కొలత మారిస్తే చాలు, అదే బొమ్మ జొన్నబిళ్ళ అవుతుంది, కందిబిళ్ళ అవుతుంది. నాకు నచ్చింది. పైకి అనలేదు. మెచ్చుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుందా?

నా కొడుకు మాత్రం బిడ్డకు ముందే షరతు పెట్టాడు.

"మిరుగం కార్తె వానలకు ముందే బిళ్ళలు రైతులకు అందాలె. లేకుంటే కంప్యూటర్ అమ్మేస్త. నువ్వు ఏదన్న బడిల పంతులమ్మగ చేరాలె."

పిల్ల తిండి కూడా మరిచి గీసింది. ఒక మధ్యాహ్నం నేనే తిట్టి అన్నానికి పంపాను. అప్పుడే ఆముదం వేసే ఆసామి ఒకడొచ్చాడు.

"అన్నా, మా గింజ లావుంటది. చిల్లు జర పెద్దగ చెయ్యి."

తల్లికీ కూతురికీ తప్ప ఎవరికీ కాదని చెప్పి ఎరుగడు నా కొడుకు. తానే పోయి కూర్చుని అంకె మార్చాడు. ఈ మార్పు ఈ ఒక్క బిళ్ళకా, అన్నింటికా అని కంప్యూటర్ అడిగింది. అన్నింటికీ అని నొక్కాడు. బిళ్ళల కొలతలు అచ్చేసిన కాగితాలు తీసుకుని, చీకటి పడేదాకా తానే బిళ్ళలన్నింటికీ చిల్లులు పొడిచాడు.

మరునాడు జొన్న రైతు తన బిళ్ళను మా వాకిట్లోనే పరీక్షించాడు. మిషను తిప్పితే జొన్నలు గింజలుగా కాదు, గుప్పిళ్ళుగా రాలాయి. నా కోళ్లన్నీ పరుగెత్తుకొచ్చాయి.

"నేనడిగింది విత్తనాల మిషన్ అన్నా! కోళ్లకు దాణా ఏసే మిషన్ ఎవడడిగిండు?"

నా కొడుకు కూతురి మీద ఎగిరాడు. "సూసినవా నీ కంప్యూటర్! రేపే బేరం పెడ్త. నువ్వు బడికి పో."

పిల్ల కళ్లు తుడుచుకుని బొమ్మలన్నీ తెరిచి చూసింది. "బాపూ, అన్నిటికీ ఆముదం చిల్లులే ఉన్నయి. ఒక్కదానికా, అన్నిటికా అని అడిగింది గదా?"

"ఒక్కనికి చేస్తే మిగిలినోళ్లు మొఖం మాడ్చుకోరా? అందుకే అందరికి చేసిన."

పెళ్లిపంక్తిలో లడ్డూలు వడ్డించినట్టు!

"అన్ని కాగితాల మీద ఒక్కటే అంకె ఉంటే నీకు అనుమానం రాలేదారా?" అన్నాను.

"కంప్యూటర్ ఇచ్చింది గదమ్మా, తప్పుంటదా?"

"నిన్న దేవుడు, ఇయ్యాల దొంగనా? అమ్మేటట్టుంటే ముందుగాల నీ ఏలు అమ్ము. నొక్కింది అదే."

వాడు చెడిన బిళ్ళలను పాత ఇనుముకు వేస్తానంటే నేను వేయనివ్వలేదు. అన్నింటి మీదా రంగుతో 'ఆముదం' అని రాయించాను. ఆముదం రైతులకు అవే సరిపోయాయి. పిల్ల చిల్లుల కొలతలు దేనికది తిరిగి పెట్టింది. జొన్న, కంది బిళ్ళలు మళ్లీ చేసి, మిరుగానికి ముందే రైతుల చేతిలో పెట్టారు. బడి మాట మళ్లీ రాలేదు.

వచ్చినా పిల్లను పోనిచ్చేదాన్ని కాదు. ఆ తర్వాత నేను బియ్యం ఏరే చోటు ఆ గది గడపకు మార్చుకున్నాను. ఒకనాడు నా కొడుకు చెప్పులు విడిచి, భక్తిగా లోపలికి రాబోయాడు. తండ్రిని ఆపలేక పిల్ల నా వైపు చూసింది.

"చెప్పులు ఇడిసినవ్, మంచిది బిడ్డా," అన్నాను వాడితో. "చేతులు గూడ ఆడనే పెట్టి రా."