పడమటి గదికి పచ్చ అద్దం

మా ఇంటి పాత కిటికీలు మార్చడానికి మొన్న వచ్చిన మేస్త్రీ, ఒక పొరకి రంగున్న రెండు పొరల అద్దం ముక్క ఒకటి ఎండలో నిలబెట్టి "వేడి లోపలికి రాదండీ" అన్నాడు. నేను ముందు ఎండవైపు, తరువాత నీడవైపు అరచెయ్యి ఆనించి చూశాను. ఈ అలవాటు సుగుణమ్మగారి నుంచి వచ్చింది.

డెబ్బైల చివర్లో అమలాపురంలో మేమిద్దరం ఒకే బడిలో పనిచేసేవాళ్ళం. ఆవిడది సైన్సు, నాది లెక్కలు. ఇళ్ళు పక్కపక్కనే. వాళ్ళది మామగారి నాటి పెంకుటిల్లు. పక్షవాతంతో మంచం పట్టిన అత్తగారు పడమటి గదిలో ఉండేవారు. కిటికీలోంచి కాలువ కనిపించేది. కొబ్బరికాయల పడవలు, గట్టు మీద చర్చికి వెళ్ళేవాళ్ళు, ఆ పెద్దావిడకు అదే లోకం. వేసవిలో మధ్యాహ్నం దాటాక కిటికీ తెరిచి ఉంచితే వేడి, మూస్తే చీకటి. చివరికి సుగుణమ్మగారి మరిది జాన్‌బాబు కిటికీ బయట ఇటుకలు దింపించి, కిటికీ సగం ఎత్తుకి పేర్పించాడు.

"గోడ కట్టేద్దాం వదినా. అమ్మ మాడిపోతోంది."

"గోడ కడితే ఆవిడకి ఇంకేం మిగులుద్ది అబ్బాయ్? కొంచెం ఆగు."

సుగుణమ్మగారు రాజమండ్రి నుంచి లేత పచ్చ అద్దం తెప్పించారు. కిటికీ రెక్కల చెక్కలు తీయించి, పాత చట్రాల్లోనే బయటికి మామూలు అద్దం, లోపలికి పచ్చ అద్దం, మధ్యలో వేలెడు ఖాళీ ఉండేలా బిగించారు. పచ్చరంగు అత్తగారి కళ్ళకు హాయిగా ఉంటుందని ఆవిడ ఆలోచన. ఆ మధ్యాహ్నం గది మరీ ఉడికిపోయింది.

"అమ్మకి కిటికీ పెట్టేరా వదినా, కుంపటి పెట్టేరా?" అన్నాడు జాన్‌బాబు. చూడవచ్చిన వాళ్ళంతా నవ్వారు.

ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. లోపలి అద్దం మీద అరచెయ్యి పెట్టి, "మేష్టారూ, మీరూ పెట్టండి" అన్నారు.

"అబ్బా, కాలిపోతోందండీ!"

"ఆయ్. ఎండని మింగేది ఈ పచ్చదే. మింగిందంతా గదిలో వదులుతోంది. దీన్ని బయటికి పెట్టాలి. పొరపాటు నాదే."

నవ్వినవాళ్ళందరి ముందూ ఆ మాట అంత మామూలుగా అన్నారు. మర్నాడు అద్దాలు అటుది ఇటు, ఇటుది అటు మార్పించారు. ఎండ పడమటికి తిరిగింది. బయటి పచ్చ అద్దం కాలుతూనే ఉంది, ఆ వేడిని కాలువ గాలి తీసుకుపోతోంది. లోపలి అద్దం గోరువెచ్చగా ఉందంతే. ఎండ వేళ ఆ గదిలో మొదటిసారి వేడి లేని వెలుగు చూశాం. అందరం పెద్దావిడ ఏమంటారా అని ఎదురుచూశాం. ఆవిడ బయటికి చూసి, ముద్దముద్దగా అన్నారు.

"జానూ, ఆ ఇటుకలు తీయించరా. పడవలు కనపట్టం లేదు."

జాన్‌బాబు పంచె ఎగ్గట్టి తనే మోశాడు.

ఆ తరువాత ప్రతి ఏడూ వేడి పాఠం వచ్చినప్పుడు సుగుణమ్మగారు ముందు తన పొరపాటు చెప్పి, ఆ తరువాతే సూత్రం చెప్పేవారు. పక్క తరగతి నుంచి ఆ గొంతు వినిపిస్తే, ఆవిడతో కలిసి పనిచేస్తున్నందుకు నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

మొన్న ఆ మేస్త్రీని ఒక్కటే అడిగాను. "రంగు అద్దం ఎటు పెడతారు?"

"బయటికేనండీ."

"ఆయ్, అయితే మొదలుపెట్టండి" అన్నాను. నా అరచేతికి ఇంకా వెచ్చగానే ఉంది.