పిడి లేని నాలుగో కత్తి

ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు. చేసిన కత్తులు సరిగా రాలేదని కాదు. బ్రహ్మాండంగా వచ్చాయి. అందుకే నా తప్పు నాకు కనబడలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పే టీచరుగా ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైనదాన్ని. అశోక్‌నగర్‌లో మా ఇంటి కింద కారు పెట్టుకోవాల్సిన చోట ఇనుప ముక్కల్ని కరిచిపట్టే వైస్ బిగించిన బల్ల, గ్రైండరు, డ్రిల్లింగ్ మిషను పెట్టుకున్నాను. మాకు కారు లేదు. కొన్నా దాన్ని రోడ్డు మీదే పెట్టుకోవాలని మావారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు. చుట్టుపక్కలవాళ్ళు కత్తెరలు, కత్తిపీటలు తెచ్చిస్తే సాన పట్టి ఇస్తాను. నోరు కాస్త పెద్దదని పేరుంది, పని మాత్రం బాగుంటుందని కూడా అంటారు.

అలా సానకు వచ్చేవాళ్ళలో ఒకామె మా వెనక వీధి మెస్సులో కూరగాయలు తరుగుతుంది. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే హాస్టలు పిల్లలకు అక్కడే రెండు పూటలా భోజనం. ఆమెది పాలమూరు వైపు. పెళ్ళైన కొత్తలో ఇక్కడికి వచ్చి ఇరవయ్యేళ్ళు ఇటుకలు మోసి, తర్వాత ఈ మెస్సులో కుదురుకుంది. నెలకోసారి మెస్సు కత్తిపీటను పాత చీర ముక్కలో చుట్టుకుని తెచ్చేది. దాని అలుగు మధ్యలో అరిగి లోపలికి వంగి ఉండేది. ఎన్నేళ్ళుగానో ఆ వంపు నా చేతుల్లోంచి పోయింది, వచ్చింది. నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

ఆ నెల ఆమె కత్తిపీట లేకుండా వచ్చింది. కుంటుతూ వచ్చి, గేటు పట్టుకుని నిలబడింది. మోకాలు అరిగిపోయిందని, ఇక కింద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. కత్తిపీటను గట్టు మీద పెట్టి చూసిందట గానీ, కాలితో తొక్కిపట్టే వీలు లేక అది జారిపోతోందట. మెస్సు ఓనరు చెడ్డవాడేమీ కాదు, నారాయణగూడ నుంచి రెండు కొత్త కత్తులు తెచ్చిచ్చాడు. వాటితో వారంలో రెండుసార్లు వేలు కోసుకుంది. పన్నెండింటికల్లా పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడతారు, అప్పటికి ఉల్లిగడ్డలు సగం కూడా కావడం లేదు.

"వచ్చే సోమారం దాక జూస్తనన్నడు, టీచరమ్మా. అప్పటికి గాకపోతే వేరేటోళ్ళను పెట్టుకుంటడట. నేను మల్ల కూలోళ్ళ అడ్డా మీద నిలబడాలె. ఈ మోకాలేసుకొని ఇటుకలు మొయ్యగల్గుతనా?"

ఆ మోకాలిని అరగదీసిందే ఆ ఇటుకలు. నాకు కోపం ఎవరి మీద రావాలో తెలియక, ఆ బజారు కత్తుల మీద వచ్చింది. రేకు కత్తులు, ఏ చేతికీ పట్టుదొరకని ప్లాస్టిక్ పిడి. ఇంతేనా, నీ చేతికి తగ్గ కత్తులు నేను చేసిస్తాను పో అన్నాను. ఆమె అరచెయ్యి అట్టముక్క మీద పెట్టించి పెన్సిలుతో గీశాను. తన చేతి బొమ్మ ఇంతవరకు ఎవ్వరూ గీయలేదని ఆమె నవ్వింది. నాకు నేనే ఎంతో గొప్పగా కనిపించాను.

చేతిలో ఎనిమిది రోజులున్నాయి. మిరపకాయలకొకటి, ఉల్లిగడ్డలకొకటి, వంకాయ బెండకాయలకొకటి, గుమ్మడికాయకు పెద్దదొకటి, ఏదైనా పోతే ఉంటుందని ఇంకొకటి, మొత్తం ఐదు. కర్రల డిపోలో పళ్ళు అరిగి పారేసిన గుండ్రటి రంపం నా దగ్గరుంది, మంచి ఉక్కు. దాన్ని కాల్చి బూడిదలో నిదానంగా చల్లార్చి మెత్తబరిచాను. గ్రైండరుతో ఐదు ముక్కలు కోసి, పిడి బిగించే చోట బెజ్జాలు వేశాను. రెండు రోజులు అరగదీయడానికే సరిపోయింది. అంచు రూపాయి బిళ్ళంత మందం ఉండగా ఆపాను. అంతకన్నా పలచన చేస్తే నిప్పులో వంకరపోతుంది.

తర్వాత గట్టిపరచడం. పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసుకున్న గ్యాసు కొలిమి ఒకటుంది నాకు. ఉక్కు ఎర్రబడ్డాక అయస్కాంతం తాకించి చూడాలి. అంటుకోవడం మానేసిందంటే ఇంకొక్క క్షణం ఉంచి, గోరువెచ్చటి నూనెలో ముంచాలి. నూనె మెస్సుదే, బజ్జీలు వేయించాక మిగిలినదాన్ని వడగట్టి ఆమే తెచ్చింది. మొదటి కత్తి ముంచగానే వీధంతా మిరపకాయ బజ్జీల వాసన. పై అంతస్తావిడ కిందికి తొంగి చూసి, ఎవరైనా చుట్టాలొచ్చారా అని అడిగింది. రెండోది నూనెలో పడగానే టింగుమంది. తీసి చూస్తే మెడ దగ్గర వెంట్రుకవాసి పగులు. పిడికీ అలుగుకూ మధ్య మూల గుండ్రంగా తిప్పకుండా వాడిగా వదిలేశాను. ఇదే తప్పు నా విద్యార్థులెవరైనా చేసి ఉంటే ఆ రోజంతా నిలబెట్టేదాన్ని. అక్కడ నన్ను నిలబెట్టేవాళ్ళు లేరు కాబట్టి నోరు మూసుకుని మిగతావి జాగ్రత్తగా చేశాను.

పగిలింది పోగా మిగిలిన నాలుగూ గట్టిపడ్డాయి. ఆకురాయితో గీకితే జారిపోయింది తప్ప పట్టలేదు. పెళుసుదనం పోవడానికి వాటిని కేకుల ఓవెనులో పెట్టి, ఎండుగడ్డి రంగు వచ్చేదాకా రెండు విడతలు వేడిచేశాను. మా ఆయన వచ్చి, ఇవి ఉడికాయో లేదో పుల్ల గుచ్చి చూడమంటావా అన్నారు. పిడులకు బర్కత్‌పురలో పడగొట్టిన పాత ఇంటి తలుపు చెక్క దొరికింది, మంచి టేకు. అట్టముక్క మీద గీసిన ఆ చేతిని చూసుకుంటూ, ఆమె బొటనవేలి కింద గుంట ఎక్కడుందో అక్కడ చెక్కను ఉబ్బెత్తుగా ఉంచి, మూడింటికి ఇత్తడి మేకులతో పిడులు బిగించాను. పెద్దదానికి చెక్క చాలక అది పిడి లేకుండానే మిగిలింది. పదును మాత్రం అన్నిటికీ పెట్టేశాను. కాగితం అడ్డంగా పట్టుకుంటే చప్పుడు లేకుండా తెగింది.

శుక్రవారం ఆమె వచ్చింది. బల్ల మీద చెక్క వేసి, ఉల్లిగడ్డలు పెట్టి, కత్తి చేతికిచ్చాను. పిడి అచ్చంగా ఆమె చేతిలోనే పుట్టినట్టు ఒదిగింది. అంతవరకే. ఉల్లిగడ్డ మీద కత్తి పెట్టి, ఎటు నొక్కాలో తెలియనట్టు ఆగింది. ఎడమ చేతి వేళ్ళు కత్తి కిందికే వస్తున్నాయి. ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం. వేళ్ళు లోపలికి ముడవమన్నాను, మణికట్టు ఆడించమన్నాను, కొన ఎత్తొద్దన్నాను. పది నిమిషాలకు నా గొంతు క్లాసు రూములో గొంతైపోయింది. ఇంత మంచి కత్తి చేసిస్తే పట్టుకోవడం కూడా రాదా అనేశాను. ఆమె మూడు కత్తులూ గుడ్డలో చుట్టుకుని, ఇంటిదగ్గర అలవాటు చేసుకుంటానని వెళ్ళిపోయింది.

గేటు దగ్గర ఆమె కళ్ళు తుడుచుకుందని మా ఆయన చెప్పారు. ఆ పూట నుంచే నాకు ముద్ద దిగలేదు. తప్పు ఆమెదే అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా, లోపల ఒప్పుకోలేకపోయాను. శనివారమంతా పెద్ద కత్తికి చెక్క వెతికే పనిలో పడి ఆ మాట మరచిపోవాలని చూశాను. పెద్దగా ఫలితం లేదు.

ఆదివారం పొద్దున ఆమె మళ్ళీ వచ్చి, గుడ్డ మూట బల్ల మీద పెట్టింది. చూపుడువేలికి కొత్త కట్టు ఉంది.

"నా వల్ల అయితలేదు, టీచరమ్మా. పనొచ్చినోళ్ళు ఎవలన్నుంటే ఇయ్యుండ్రి, మంచి కత్తులు."

 కాఫీ అయినా తాగి వెళ్ళమని పైకి వెళ్ళబోయాను. ఆ పొద్దున మా ఆయన చిక్కడపల్లి మార్కెట్టు నుంచి తెచ్చిన కూరల సంచి మెట్ల దగ్గరే ఉంది. ఆమె అందులోంచి సొరకాయ తీసి, కాఫీ అయ్యేలోపు కోసిపెడతానంది. ఊరికే కూర్చోవడం ఆమెకు రాదు. సరేనని పైకెళ్ళాను.

ముక్కలు వేసుకోవడానికి గిన్నె పట్టుకుని కిందికి వచ్చేసరికి, ఆమె వైస్ ముందు నిలబడి ఉంది. పిడి కొలత చూద్దామని నేను రాత్రి వైస్‌లో నిలువుగా బిగించి వదిలేసిన పిడిలేని పెద్ద కత్తి అక్కడే ఉంది, పదునుండే వైపు ఆమెకు ఎదురుగా. సొరకాయను రెండు చేతులా పట్టుకుని, దాన్ని కత్తి మీదికి తోస్తోంది. సరక్ సరక్ మని ముక్కలు పడుతున్నాయి, అన్నీ ఒకే మందం. కత్తి వైపు చూడడం కూడా లేదు, బయట పుస్తకాలు పట్టుకుని లైబ్రరీకి పోతున్న పిల్లల్ని చూస్తోంది.

గిన్నె అక్కడే పెట్టేశాను. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమె చేతిలో కాయ కదిలింది, కత్తి కదలలేదు. ఆమె నైపుణ్యమంతా కాయను పట్టుకున్న ఆ రెండు చేతుల్లోనే ఉంది. నేను అందులో ఒక చేతిని లాక్కుని, దానికి కత్తి ఇచ్చాను. చేతి కొలత తీసుకున్నాను గానీ, ఒక్కసారి కోసి చూపించమని అడగలేదు. పనిముట్టు చేసేముందు పని చూడండని ముప్పయ్యేళ్ళు బోర్డు మీద రాసినదాన్ని నేనే. సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా, గుండె మీది రాయి దిగినట్టైంది.

ఇది ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు సదువుకున్నోళ్ళు, మీకు ఎర్కలేదా అనుకున్న," అంది.

ఆ రోజు నేను చెప్పడం మానేసి వినడం మొదలుపెట్టాను. ఎల్ ఆకారపు ఇనుప యాంగిల్ ముక్క కోసి, శనివారం వెతికి తెచ్చిన టేకు దిమ్మకు బిగించి, బెజ్జాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి కత్తిని దానికి బోల్టులతో నిలబెట్టాను. దిమ్మను గట్టు అంచుకు కరిచిపట్టేలా రెండు క్లాంపులు పెట్టాను. కత్తిపీట మీద కాలు చేసే పని అవి చేస్తాయి. కొన గుచ్చుకోకుండా నీళ్ళలో ముంచుతూ ముంచుతూ గుండ్రంగా అరగదీశాను. ఇంకింత వాల్చమంది, వాల్చాను. జర కిందికి అంది, దించాను. పాత కత్తిపీట అలుగు ఎక్కడ అరిగి ఉండేదో ఆ ఎత్తుకే చివరికి వచ్చి ఆగింది.

పిడులు బిగించిన ఆ మూడూ ఇప్పుడు మా వంటింట్లో ఉన్నాయి. ఆ పిడి నా చేతికి కుదరదు, బొటనవేలి కింద ఒత్తుతుంది. మా ఆయన చేతికి అసలే కుదరదు. అయినా వాటినే వాడుతున్నాం.

సోమవారం నేను మెస్సు వైపు వెళ్ళలేదు, ధైర్యం చాలలేదు. తొమ్మిదింటికి ఒక బోల్టు గట్టిగా బిగించానా లేదా అని అనుమానం వచ్చింది. పదింటికి ఉల్లిగడ్డ నీళ్ళకు ఆ దిమ్మ జారుతుందేమో అనిపించింది. పదకొండున్నరకు గేటు చప్పుడైంది. ఆమే, చేతిలో స్టీలు క్యాను. మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. క్యాను బల్ల మీద పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"రేపు గోరుచిక్కుడుకాయంట, టీచరమ్మా. ఇద్దరు చేసే పని, నన్నొక్కదాన్నే చెయ్యమన్నడు. పొద్దుగాల్నే రమ్మన్నడు."

గోరుచిక్కుడు తరగడం కన్నా విసుగు పుట్టించే పని వంటింట్లో లేదు. దాన్ని ఆమె పండగ కబురులా చెబుతుంటే, నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ ఆపుకోలేదు. ఆమె వెళ్ళిపోయాక క్యాను మూత తీస్తే వేడివేడి పప్పుచారు. మూడు రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాను.