ఇంకో అర చుట్టు

బొగ్గు గనిలో పంపుల దగ్గర ముప్ఫై ఏళ్లకు పైగా ఫిట్టర్‌గా పనిచేశాను. అక్కడ పైపు జాయింటు కారితే నీళ్లు మనుషులు పనిచేసే చోటికి వస్తాయి. అందుకని ఎవరు బిగించిన జాయింటునైనా తర్వాత వచ్చినవాడు పానా పెట్టి ఇంకో అర చుట్టు తిప్పే పోతాడు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

రిటైరై ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకుంటే ఆ అలవాటు నాతోపాటే వచ్చింది.

పైపుల పనికి టేకులపల్లి నుంచి ఒక ప్లంబర్ వచ్చేవాడు. నెమ్మదస్తుడు. ఎల్బోలు, టీలు, కప్లింగులు గోనెసంచి మీద పరుచుకుని, ఒకసారి ఊరికే తొడిగి కొలత చూసుకున్నాకే గమ్ము పూసేవాడు. బాత్రూం గోడలో ప్లాస్టిక్ పైపు ఇనుప పైపుతో కలిసే చోట మరలున్న ప్లాస్టిక్ కప్లింగ్ పెట్టాడు. టేపు చుట్టి, చేత్తో తిప్పి, చిన్న పానాతో ఒక్క చుట్టు బిగించి ఆపేశాడు.

"గంతేనా?" అన్నాను.

"గంతే సార్. ఇది ఇనుము కాదు. ఎక్కువ బిగిస్తే పగుల్తది. ఇయ్యాల తెల్వది, కొన్నాళ్లకు తెలుస్తది."

"నాకు చెప్తున్నవా? నీ వయసంత సర్వీసు నాది."

"గనిల మీరు పెద్దోళ్లే సార్. గోడల నేను," అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు గిట్టలేదు. అతను అన్నానికి పోగానే నా రెండడుగుల పానా తెచ్చి ఆ కప్లింగ్‌ను అర చుట్టు తిప్పాను. సులువుగానే తిరిగింది. చూశావా, వదులుగానే వదిలాడు అనుకున్నాను. మర్నాడు ఆ గోడకు సిమెంటు పూసేశారు.

ఏడాది తిరక్కుండానే గోడ చెమ్మగిల్లింది. అతన్ని పిలిపించి, వీధిలో నాలుగిళ్లవాళ్లు వింటుండగా పని రానివాడివన్నాను. పానా సంగతి అప్పుడు మరిచిపోయానని చెప్పను. గుర్తుంది. గుర్తున్నందుకే గొంతు అంత పెంచాను.

"నేను బిగించిన నాడు కారలే సార్. గోడ కొట్టి చూద్దాం," అన్నాడు.

"నా గోడ ముట్టకు," అన్నాను.

మా వీధిలో ఇళ్లు కడుతున్న ముగ్గురు పైపుల పని అతనికే ఇస్తామని అంతకుముందు అన్నారు. ఆ రోజు తర్వాత ఎవరూ పిలవలేదు.

చెమ్మ ఇంకా పాకితే మొన్న ఇంకో ప్లంబర్‌ను పిలిచాను. అతను వచ్చి గోడ కొట్టాడు. కప్లింగ్ పొడవునా వెంట్రుకంత పగులు, దాని మీద పానా పళ్ల గాట్లు.

"ప్లాస్టిక్ మీద గింత పెద్ద పానా ఎవరు పెట్టిండ్రు సార్?"

గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ అంది: "ఎవరేంది, గసొంటి పానా ఈ ఇంట్ల ఒక్కరికే ఉంది."

మర్నాడు టేకులపల్లి వెళ్లి, హార్డ్‌వేర్ షాపులో అడుగుతూ అతని ఇల్లు పట్టుకున్నాను. వాకిట్లో మంచమేసి కూర్చోబెట్టాడు. జరిగిందంతా చెప్పాను.

"నా పని నాకు తెల్వదా సార్? నాకెందుకు చెప్తున్నరు? ఎవల ముంగట అన్నరో వాళ్లకు చెప్పుండ్రి."

సాయంత్రం మా వీధిలో ఆ ఇళ్లకు వెళ్లాను. మొదటి ఇంట్లో, "పోనీండి సారూ, మా పని అయిపోయింది గదా," అన్నారు. రెండో ఇంట్లో టీ ఇచ్చి మాట మార్చారు. మూడో ఇంటికి ఇంకా పైపులు పడలేదు. ఆ ఇంటాయన అంతా విని, నా ముఖంలోకి చూడకుండా అడిగాడు.

"మరి ఆయన నెంబరుందా అన్నా?"

గొడవైన రోజే ఫోనులోంచి తీసేశాను. పొద్దున గంటసేపు అతని ఎదురుగా కూర్చుని కూడా అడగాలని తోచలేదు. నా బరువు దించుకుని రావాలన్న తొందరే తప్ప, అతనికి ఏం కావాలో నేను ఆలోచించలేదు.

"రేపు తెస్తా," అన్నాను. టేకులపల్లికి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కుని పడుకున్నాను.