వేలికంత పేస్టు

డీలియా పిన్నికి సామాను పడదు. కొందరికి పాలు పడవు, కొందరికి పిల్లులు పడవు, ఆవిడకి పెట్టెలు పడవు. పక్క ఊరి సంతకెళ్లినా, సముద్రం దాటి వెళ్లినా, చంకలో ఓ పాత ఆకుపచ్చ చేతిసంచి, అంతే. బట్టలన్నీ ఒంటి మీదే. సబ్బు, షాంపూ, పేస్టు లాంటివి ఎదుటివాళ్ల దగ్గర ఎలాగూ ఉంటాయని ఆవిడ గట్టి నమ్మకం.

"మనుషులుండగా పెట్టెలెందుకే?" అనేది.

ఆ మాట వింటే చాలు, అక్క కూతురు రొషీన్ సిగ్గుతో చచ్చిపోయేది. అందులోనూ ఆ వసంతంలో.

ఎందుకంటే ఆ ఏడు ఐర్లండులోని కిల్‌వార గుడి భక్తులు, ఫ్రాన్సులో మరియమ్మ వెలిసిన లూర్దుకి యాత్ర బయల్దేరారు. గుడి పైకప్పు కారుతోందని, దాని బాగుకి డబ్బు మిగల్చాలని ఫాదర్ కొల్మాన్ చవక టికెట్లు కొన్నారు. "ఒక్కొక్కరికి ఒక్క చేతిసంచే. నీళ్లూ లేపనాలూ ఏవున్నా బుల్లి సీసాల్లో పోసుకుని, అన్నీ కలిపి ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి" అని పూజయ్యాక చదివి వినిపించారు. ఎవరూ వినలేదు. పూజయ్యాక చదివింది కిల్‌వారలో ఎవడు వింటాడు?

ఆ యాత్రకి అసంప్టా కాన్సిడీన్ గారూ వచ్చారు. బళ్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయినా, ఆవిణ్ణి చూస్తే ఇప్పటికీ ఊళ్లో పెద్ద మగాళ్లు చేతిలో సిగరెట్టు దాచేస్తారు. ఆవిడ కొడుకు ఫింటన్‌తోనే రొషీన్ పెళ్లి, ఆ ఏడు శరత్కాలంలో. అసంప్టా గారికి లోకంలో భయమున్నది ఒక్క వాళ్లమ్మంటేనే. మంచంలో ఉన్న ఆ ముసలావిడ, "లూర్దు తీర్థం ఒక్కసారి పెదాలకి తగలనీ, తర్వాత పైవాడు ఎప్పుడు పిలిచినా సరే" అంది. తెస్తానని కూతురు మాటిచ్చింది.

వెళ్లేటప్పుడే విమానాశ్రయంలో మొదలైంది రొషీన్ ఖర్మ. తనిఖీ దగ్గర పిన్ని గడ్డివాములా నిలబడింది. కోటు విప్పమన్నారు. విప్పింది. లోపల ఇంకో కోటు. దాని కింద స్వెట్టరు, దాని కింద ఇంకో స్వెట్టరు, దాని కింద లంగా మీద లంగా.

"అమ్మా, లోపల మనిషి ఉన్నారా?" అన్నాడు తనిఖీ అబ్బాయి.

"ఉన్నా నాయనా, ఇంకాస్త తవ్వు."

తర్వాత ప్లాస్టిక్ కవరు బయటికొచ్చింది. అందులో దగ్గుమందు సీసాలు, వెనిలా సీసాలు, కంటిచుక్కల సీసాలు. ఒక్కదాంట్లోనూ చుక్క లేదు.

"ఇవన్నీ ఖాళీవే కదమ్మా?"

"ఖాళీవే. కావాలంటే మూత తీసి వాసన చూడు, దగ్గుంటే తగ్గుతుంది."

వరసంతా గొల్లుమంది. ఆ అబ్బాయి రొషీన్ వైపు తిరిగి, "ఈవిడ మీవాళ్లా?" అన్నాడు. వెనకాల అసంప్టా గారు కళ్లజోడు పైనుంచి చూస్తున్నారు.

"కాదండీ," అంది రొషీన్. "బస్సులో పరిచయం."

పిన్ని విన్నది. రెండో లంగా బొత్తాం పెట్టుకుంటూ ఓ కన్ను కొట్టింది. అదే రొషీన్‌ని కాల్చేసింది. తిట్టినా బావుండేది.

లూర్దులో రోజూ తెల్లారేసరికి అసంప్టా గారి గది తలుపు టకటకమనేది. తీస్తే ఎదురుగా ఓ వేలు.

"టీచరమ్మా, వేలికంత పేస్టు."

అసంప్టా గారు బఠాణీ గింజంత పెట్టేవారు. "డీలియా, నీ కవరు నిండా ఏవో సీసాలున్నాయిగా, ఒక్క పేస్టు ట్యూబు పట్టలేదా?"

"లేదమ్మా, వాటికే చోటు చాల్లేదు."

"ఖాళీ సీసాలకి చోటు చాల్లేదా?"

"ఖాళీవే ఎక్కువ చోటు తింటాయి టీచరమ్మా. మనుషుల్లో మాత్రం చూళ్లేదూ?"

తర్వాత పక్క గదిలో షాంపూ, ఆ పక్క గదిలో టీ సంచి. అదీ వాడేసిన టీ సంచే. "ఇంకో కప్పుకి ఊపిరుంది దీనికి" అంటూ పట్టుకుపోయేది. రొషీన్ ఉండబట్టలేక ఓ పేస్టు కొని పిన్ని మంచమ్మీద పడేసి వచ్చింది. మధ్యాహ్నానికి ఆ పేస్టు ఫాదర్ కొల్మాన్ దగ్గర తేలింది. మర్నాడు మళ్లీ టకటక.

"మీ ఇంటి ఆడవాళ్లంతా ఇంతేనా?" అన్నారు అసంప్టా గారు కాఫీ దగ్గర, నలుగురిలో. "పెళ్లయ్యాక నా బ్రష్షు కూడా తాళం వేసుకోవాలేమో." రొషీన్ కొరికిన రొట్టెముక్క పళ్లెంలోనే వదిలేసి లేచిపోయింది.

చివరి రోజు అందరూ తీర్థం పట్టుకోడానికి బయల్దేరారు. మరియమ్మ ఆకారంలో, నీలం కిరీటం మూతగా ఉన్న పెద్ద పెద్ద సీసాలు కొంటున్నారు. అసంప్టా గారిది మరీ పెద్దది, చంటిబిడ్డలా ఎత్తుకోవాల్సి వచ్చింది.

"పెద్దవి కొనకండర్రా!" అని పిన్ని బస్సులో లేచి నిలబడి అరిచింది. "విమానం దగ్గర పారబోయిస్తారు."

"దీని సలహా వింటే రేపట్నించి మనం కూడా వేళ్లు చాపుకు తిరగాలి" అన్నారు అసంప్టా గారు. బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది రొషీన్.

తిరుగు ప్రయాణంలో తనిఖీ దగ్గర ఆ ఊరి ఫ్రెంచి ఆవిడ నిలబడి ఉంది. నడుం మీద చేతులు, ముఖంలో బోలెడంత ఓపిక. "నీళ్లు బయటికి తీయండి."

అసంప్టా గారు బళ్లో గొంతు తీశారు. "ఇవి నీళ్లు కావు. తీర్థం."

"తాగొచ్చా?"

"భక్తితో తాగొచ్చు."

"అయితే నీళ్లే మేడమ్. రోజూ ఐర్లండు వాళ్లతో ఇదే గొడవ నాకు."

"ఫాదర్, మీరైనా చెప్పండి!"

ఫాదర్ ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు. ఆవిడ ఆయన సీసా కూడా అడిగింది.

"యేసూ, మరియా, జోజప్పా!" అని అందరూ అంటుండగానే మరియమ్మలంతా ఒకరి వెనక ఒకరు చెత్తబుట్టలోకి వెళ్లిపోయారు. అసంప్టా గారు తన సీసా తనే దింపారు. ఎత్తుకున్న చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. రొషీన్ ఆవిణ్ణి అలా ఎన్నడూ చూళ్లేదు.

"అమ్మకేం చెప్పను?" అన్నారు నెమ్మదిగా, ఎవరితోనూ కాదు.

అప్పుడు వచ్చింది ఆకుపచ్చ సంచి. ప్లాస్టిక్ కవరు బల్ల మీదికి చేరింది. అవే దగ్గుమందు సీసాలు, అవే వెనిలా సీసాలు. ఈసారి మూతల దాకా నిండి ఉన్నాయి. ఫ్రెంచి ఆవిడ ఒక్కోటీ ఎత్తి చూసింది. అన్నీ బుల్లివే. కవరు అంచు మూసుకుంది, కాస్త కష్టంగా. పేస్టు ట్యూబు ఒక్కటున్నా మూసుకునేది కాదు. రొషీన్‌కి అప్పుడు వెలిగింది. వెలిగి, చెవుల దాకా మండింది.

"ఎవరి తాలూకు ఈవిడ?" అంది ఫ్రెంచి ఆవిడ, ఒంటినిండా కోట్లున్న పిన్నిని ఎగాదిగా చూస్తూ.

"మా పిన్ని!" రొషీన్ గొంతు హాలంతా వినపడింది. "మా అమ్మకి సొంత చెల్లెలు."

"ఓహో," అంది పిన్ని, "బస్సులో పరిచయమనుకున్నానే."

లోపల కుర్చీల్లో అందరూ చావింట్లోలా కూర్చున్నారు. పిన్ని కవరు విప్పి ప్రసాదంలా పంచుకుంటూ వచ్చింది. ఒకరికి కంటిచుక్కల సీసా, ఫాదర్‌కి వెనిలా. "ఓసారి నా పెద్ద సీసా ఇలాగే పోయింది లెండి. మరియమ్మ తల్లి చెత్తబుట్టలో తలకిందులుగా! అందుకే ఈసారి తలకొకటి వచ్చేలా తెచ్చా. చెబితే మీరు వినరని తెలుసు. పేస్టు అడుక్కునేదాని మాట ఎవరు వింటారు?"

అసంప్టా గారి చేతిలో దగ్గుమందు సీసా పెట్టింది. "టీచరమ్మా, అమ్మ పెదాలకి ఇది చాలదూ? తీర్థం బిందెలతో తాగుతామా?"

అసంప్టా గారు తల వంచారు. కిల్‌వార చరిత్రలో అదే మొదటిసారి. ఆ సీసాని రెండు చేతులా పట్టుకుని, విమానం దిగేదాకా అలాగే కూర్చున్నారు.

"మరి నీకేదే పిన్నీ?" అంది రొషీన్.

"నాకెందుకే? నేను మోయలేను."

ఇంటికెళ్లగానే ముసలావిడ పెదాలు తడిపారు. ఆవిడ కళ్లు మూసుకుని చప్పరించింది. "ఏమే, దగ్గుమందు వాసనొస్తోంది?"

"అక్కడి నీళ్లు అంతేనమ్మా" అన్నారు అసంప్టా గారు, జీవితంలో మొదటి అబద్ధం ఆడుతూ.

తెల్లారి ఆ ముసలావిడ లేచి కూర్చుని అందరికీ చెప్పింది: "అద్భుతమర్రా! రాత్రంతా దగ్గు రాలేదు. పైవాడు పిలిస్తే ఇంకొన్నాళ్లు ఆగమని చెప్పండి, మనవడి పెళ్లి చూడాలి."

ఆ పొద్దున్నే అసంప్టా గారు రొషీన్‌ని వెంటబెట్టుకుని డీలియా పిన్ని ఇంటికి వెళ్లారు. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద పేస్టు ట్యూబు అసంప్టా గారి చేతిలో ఉంది. పిన్ని కోళ్లకి గింజలు చల్లుతూ కనిపించింది. వెనక తెరిచి ఉన్న తలుపులోంచి, కిటికీ గట్టు మీద పేస్టు, సబ్బు, షాంపూ వరసగా కనబడుతున్నాయి. రొషీన్ వాటిని చూసింది. అసంప్టా గారూ చూశారు.

"డీలియా, ఇది నీకు" అన్నారావిడ. గొంతు బళ్లో గొంతు కాదు. "నేను చాలా మాటలన్నాను."

పిన్ని ట్యూబుని అటూ ఇటూ తిప్పి చూసింది. గింజల చెయ్యి లంగాకి తుడుచుకుంది. పైది కాదు, కింది లంగాకి. ట్యూబు తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టేసింది.

"అమ్మో, ఇంత బరువా! నావల్ల కాదు టీచరమ్మా," అంటూ వేలు చాపింది. "ఇంత పెట్టండి, చాలు."