కప్పకు గొంతు దొరికిన చోటు

నేను ఉద్యోగం నుంచి దిగిపోవడానికి రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, హైదరాబాదులోని మా డబ్బింగ్ స్టూడియోకు ఒక జపాన్ కార్టూన్ సీరియల్ వచ్చింది. దాన్ని తెలుగు చేయించే పని నాకు అప్పగించారు. అప్పటికి నా హోదా డబ్బింగ్ సూపర్‌వైజర్. పేరు గంభీరంగానే ఉంటుంది. పని మాత్రం మాటలు రాయడం, గొంతులు ఎంచడం, రికార్డింగ్ గది అద్దానికి ఇవతల కూర్చుని మైకు ముందున్నవాళ్లను 'ఇంకొక్కసారి' అనడం. ఆ 'ఇంకొక్కసారి' మీదే నా సంసారమంతా నడిచింది.

సీరియల్ కథ విచిత్రమైనది. ఒక చిన్న ఊళ్లో రాత్రంతా వాన కురుస్తుంది. తెల్లారి లేచి చూసుకుంటే ఊరందరి నెత్తి మీదా తలా ఒక కప్ప. తోస్తే పోదు, లాగితే రాదు. మనిషి లోపల దాచుకున్న మాటను అది పైకి అనేస్తుంటుంది. పెళ్లిచూపుల్లో, బడిలో, పంచాయతీలో, ఎక్కడైనా సరే. వారం తిరిగేసరికి ఊళ్లో టోపీల కొట్టువాడు మేడ కడతాడు. తర్వాత ఎన్నికలు వస్తాయి. ఒకాయన నెత్తి మీది కప్ప నోరు మెదపదు కాబట్టి ఆయన నిజాయితీపరుడని జనం ఓట్లేస్తారు. తీరా చూస్తే ఆ కప్ప నిద్రపోతోంది. తన అబద్ధాలను ఆయన తనే నమ్మేశాడు, ఇక కప్పకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మొదటిసారి చూసినప్పుడు నవ్వీ నవ్వీ చివర్లో నా నెత్తి తడుముకున్నాను.

మా పని ఎలా సాగుతుందో రెండు మాటల్లో చెప్తాను. జపాన్ మాటలు మాకు ఇంగ్లీషులో కాగితం మీద వస్తాయి. సంగీతం, వాన చప్పుడు, తలుపు చప్పుడు వేరే ట్రాకుగా వస్తాయి. మధ్యలో మనుషుల మాటలు మాత్రమే మేము నింపాలి. కార్టూన్ బొమ్మల నోళ్లు తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప పెద్దగా ఏమీ చేయవు కాబట్టి పెదాలకు మాట అతికించడం సినిమా కంటే తేలిక. కష్టమంతా గొంతు ఎంచడంలోనే. ఈ సీరియల్లో అన్ని కప్పలకూ ఒకటే గొంతు ఉండాలని తీసినవాళ్లు షరతు పెట్టారు. అంటే మనుషులు ఎందరున్నా అసలు పాత్ర కప్పదే.

కప్ప పాత్ర చూడగానే నాకు అనసూయ గుర్తొచ్చింది.

అనసూయది చిన్నకోడూరు, కాపురం సిద్దిపేటలో. యాభై దాటిన మనిషి. నాది కూడా సిద్దిపేటే కావడంతో నన్ను అక్కా అనేది. ఫోన్ చేస్తే బస్సెక్కి వచ్చి, మేము క్రౌడ్ అని పిలిచే గుంపు గొంతులు చెప్పి వెళ్లేది. సంతలో గోల, పెళ్లిలో ఆడవాళ్ల సందడి, దవాఖాన ముందు వరసలో గొణుగుడు. ఏళ్ల తరబడి టీవీలో ఆమె మాట్లాడుతూనే ఉంది, ఆమె గొంతు ఇదీ అని ఎవరూ వినలేదు. ఇంట్లో టీవీ పెట్టి ఇదిగో ఇది నేనే అని చూపిస్తే, ఏది ఏది అని అడిగేలోగా సీను అయిపోయేదట. కప్ప పాత్ర సంగతి చెప్పగానే, "ఒక్కసారన్న నా గొంతు ఒక్కటే ఇనపడాలె అక్కా, మందిల కలిసి కాదు" అని అడిగింది. అడగక అడగక అడిగిన మనిషి, కాదనడానికి నాకు నోరు రాలేదు.

అయితే గొంతు ఖాయం చేసే అధికారం నాది కాదు. అది చానల్ తరఫున వచ్చే ప్రోగ్రామింగ్ హెడ్ రఘురాం గారిది. చదువుకున్న మనిషి, మర్యాదస్తుడు, ఎప్పుడూ మెరిసే బూట్లు వేసుకునేవారు. నేను అనసూయ పేరు చెప్పగానే సున్నితంగా కొట్టిపారేశారు. కప్ప అంటే నవ్వు రావాలనీ, నవ్వు రావాలంటే బొంగురు మగ గొంతు ఉండాలనీ, క్రౌడ్ చెప్పే ఆవిడ సీరియల్ మొత్తం మోయలేదనీ అన్నారు. కామెడీ వేషాలకు పేరుపడ్డ ఒకాయనతో మొదటి రెండు భాగాలు చెప్పించాం. వాటిని పైలట్ అంటారు. పైలట్‌ను జిల్లాలో కొందరికి చూపించి వాళ్లు సరేనంటే గొంతు లాక్ అవుతుంది. ఒకసారి లాక్ అయిందంటే సీరియల్ అయిపోయేదాకా మార్చడానికి లేదు. అనసూయ ఆశ ఆ చూపించే రోజు దాకానే.

చూపించే ఊరు సిద్దిపేట అని చానల్ వాళ్లే నిర్ణయించారు. కోమటిచెరువు దగ్గర చిన్న ఫంక్షన్ హాలు తీసుకున్నాం. జనాన్ని పిలిచే పని అనసూయకే పడింది. చిన్నకోడూరు నుంచీ, ఇబ్రహీంపూర్ నుంచీ, బజారు వీధుల నుంచీ పిల్లాజెల్లాతో వచ్చారు. ఆ పాత్ర తనకు కావాలన్న సంగతి ఆమె ఒక్కరికీ చెప్పలేదు. నేను అడిగితే, చెప్తే మొహమాటానికి నా దిక్కే మాట్లాడుతరు, గట్ల మంచిగుండదు అంది. బొమ్మ మొదలయ్యే సమయానికి వెనక గదిలో చాయ్ కాస్తూ ఉండిపోయింది.

జంపఖానాల మీద అందరూ కూర్చున్నారు. చెప్పులన్నీ బయట వరండాలో. రెండు భాగాలూ చూశారు. పిల్లలు నవ్వారు, పెద్దలు పిల్లలను చూసి నవ్వారు. దీపాలు వేశాక రఘురాం గారు మైకు పట్టుకుని ఎలా ఉందని అడిగారు. ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి, మంచిగున్నది సార్ అన్నాడు. పక్కాయన మస్తుగున్నది అన్నాడు. ఆ తర్వాత మైకు ఎవరి దగ్గరికి వెళ్లినా మంచిగున్నదే. కప్ప గొంతు ఎలా ఉందని విడిగా అడిగితే, గా గొంతు గూడ మంచిగున్నది అన్నారు. రఘురాం గారు నావైపు చూసి చిరునవ్వు నవ్వారు. నాకు ఏడుపొకటే తక్కువ. వెనక గది గుమ్మంలో అనసూయ చాయ్ కెటిల్ పట్టుకుని నిలబడి వింటోంది. ఏమీ జరగనట్టు గ్లాసుల్లో చాయ్ పోయడం మొదలుపెట్టింది.

మా వైపు ఒక అలవాటు ఉంది. ఇంటికొచ్చినవాడికీ, పిలిచినవాడికీ ఎదురుగా కూర్చుని వంక చెప్పరు. చాయ్ తాగినంతసేపూ అన్నీ బాగుంటాయి. లేచి వాకిట్లోకి వచ్చి, చెప్పుల్లో ఒక కాలు పెట్టి రెండోదాని కోసం వెతుక్కునేటప్పుడు అసలు మాట బయటికొస్తుంది. సంబంధాలు కుదిరేదీ చెడేదీ కూడా అక్కడే. ఆ ఊళ్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఇది తెలుసు. రఘురాం గారికి చెప్తే నమ్మరు. అందుకని ఆయనతో, ఇప్పుడే బయల్దేరితే ట్రాఫిక్ తప్పుతుంది, మీరు బూట్లు వేసుకోండి, నేను లెక్కలు ముగించి వస్తాను అన్నాను.

చెప్పులైతే తగిలించుకుని వెళ్లిపోవచ్చు. లేసుల బూట్లకు కూర్చోవాలి. ఆయన వరండా మెట్టు మీద, స్తంభానికి ఇటువైపు కూర్చుని లేసులు కట్టుకోసాగారు. అటువైపు చెప్పుల గుంపు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు, ఇందాక మొదట లేచిన పెద్దమనిషి. నేను గుమ్మం లోపలే ఆగిపోయాను.

"గా కప్ప ఏందే, తాగినోని లెక్క మాట్లాడుతది?" అంది ఒకామె.

"కప్పంటే తల్లి గదనే!" అంది ఇబ్రహీంపూర్ నుంచి వచ్చిన ముసలామె. "వానలు పడకుంటే రోకలికి కట్టుకొని ఇల్లిల్లు తిరగలేదా? కప్పతల్లి అని బిందెలతోని నీళ్లు పోయలేదా? గా తల్లికి మగోని గొంతు పెట్టిన్రు. నాకైతే మనసున పట్టలే."

"నాకూ గట్లనే కొట్టింది" అన్నాడు పెద్దమనిషి.

"మరి లోపల మంచిగున్నదంటివి?"

"పట్నంకెల్లి గింత దూరం వచ్చిన్రు, చాయ్ పోసిన్రు, సమోస పెట్టిన్రు. మొఖం మీద ఎట్లంటం?"

రఘురాం గారి చేతుల్లో లేసు అలాగే ఉండిపోయింది. ఆయన ఒకే ముడి విప్పి కట్టి, విప్పి కట్టి, వాళ్లు గేటు దాటేదాకా లేవలేదు. నాకు లోపల పండగలా ఉంది. నామీద నాకే కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. చిన్నప్పుడు ఆ రోకలి ఒక కొస పట్టుకుని గల్లీలన్నీ తిరిగినదాన్ని నేను. అనసూయ గొంతు బాగుంటుందని తప్ప, కప్ప తల్లి అన్న సంగతే నాకు తట్టలేదు.

కారు ప్రజ్ఞాపూర్ దాటింది. ఆయన గొంతు సవరించుకుని, కప్పకు ఆడ గొంతైతే బాగుంటుందని తనకు మొదటి నుంచీ అనిపిస్తూనే ఉందనీ, మీరెవరూ ఎందుకు చెప్పలేదనీ అన్నారు. ఆ క్షణాన నా నెత్తి మీద కప్ప ఉండి ఉంటే నా ఉద్యోగం అక్కడితో సరి. మంచి ఆలోచన సార్ అన్నాను. అక్కడి గొంతు ఎవరిదైనా ఉందా అని అడిగారు. ఇందాక మీకు చాయ్ ఇచ్చింది చూశారా, ఆవిడే అనసూయ అన్నాను. ఆయన సరే, ఒకసారి పిలవండి అన్నారు.

రికార్డింగ్‌లో వేరే చిక్కు వచ్చిపడింది. క్రౌడ్ చెప్పేవాళ్లకు మైకు నుంచి ఒక అడుగు వెనక నిలబడమని మేమే నేర్పిస్తాం, ఏ ఒక్కరి గొంతూ పైకి తేలకూడదని. ఏళ్ల అలవాటు అనసూయను వదల్లేదు. మొదటి మాట మైకు దగ్గర మొదలుపెట్టి, చివరి మాటకు వెనక్కి జరిగిపోయేది. నేను ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూనే ఉన్నాను. ఇంజనీరు తల పట్టుకున్నాడు. చివరికి లోపలికి వెళ్లి ఆమె కాళ్ల వెనక ఒక స్టూలు అడ్డం పెట్టాను. జరగడానికి జాగా లేక అక్కడే నిలబడి, ఎన్నికల నాయకుడి నెత్తి మీది కప్ప మొదటిసారి నిద్రలేచి అనే మాట చెప్పింది: "నువ్వు చెప్పేది నువ్వన్న నమ్ముతున్నవా బిడ్డా?"

తిట్టులా లేదు, ముద్దులా కూడా లేదు. అమ్మ అడిగినట్టుంది. ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి నావైపు చూశాడు. ఇంకొక్కసారి అనలేకపోయాను.

రెండోసారి సిద్దిపేటలో చూపించినప్పుడు చాయ్ హాల్లో కాకుండా చెప్పుల దగ్గర పెట్టించారు రఘురాం గారు. తాను మెట్టు మీద కూర్చుని, బూటు లేసు ఊడినట్టు చాలాసేపు వంగి ఉన్నారు. ఇబ్రహీంపూర్ ముసలామె, ఇప్పుడు తల్లి మాట్లాడినట్టున్నది అనడం ఆయనే విన్నారు. అనసూయ గొంతు లాక్ అయింది. సీరియల్ అయిపోయేదాకా కప్ప ఆమే.

ఆ తర్వాత మిగిలిన ఉద్యోగకాలంలో నేను ఎవరినీ గదిలో కూర్చోబెట్టి అభిప్రాయం అడగలేదు. నలుగురి ముందు అడిగితే మర్యాద చెప్తారు. అది అబద్ధం కాదు, పిలిచినవాడికి ఇచ్చే గౌరవం. పని కోసం కావలసిన మాట వాకిట్లో ఉంటుంది, వినాలనుకున్నవాళ్లు అక్కడికి వెళ్లాలి.

నేను దిగిపోయిన రోజు స్టూడియోలో శాలువా కప్పి, ఒకరి తర్వాత ఒకరు నా గురించి చాలా గొప్పగా మాట్లాడారు. సభ ముగిసి జనం బయటికి కదిలాక నేనూ లేచి నడవబోయాను. గుమ్మం దగ్గర అనసూయ అడ్డం నిలబడింది. వెనక్కి జరగకుండా, కప్ప గొంతుతోనే అంది: "ఇంకింత సేపు కూసో అక్కా. చెప్పులకాడ మంది ఇంక నీ ముచ్చటే మాట్లాడుతున్నరు."

వెళ్లి కూర్చున్నాను.